మా తాతగారి కారులో వేడిపెట్టె

రంగూన్‌లో కారుకు హీటరు ఎందుకని నన్ను అడగనివాళ్ళు లేరు. వీధి మొదట్లో టీ కొట్టాయన అడిగాడు. మెట్ల మీద ఎదురైన పొరుగింటావిడ అడిగింది. రబ్బరు గొట్టాలు కొనడానికి వెళ్తే దుకాణం పెద్దమనిషి, ఎండాకాలంలో పెట్టుకున్నారేమిటి ఈ పని అని నవ్వాడు. నేను ఎవరికీ జవాబు చెప్పలేదు. మా ఇంటి సంగతులు వీధిలో పెట్టే అలవాటు మాకు లేదు. అప్పట్లో నా దగ్గర జవాబు ఉండేది, చెప్పడం ఇష్టంలేక చెప్పలేదు. ఇప్పుడు చెబుదామన్నా జవాబు లేదు. అందుకే రాస్తున్నాను.

మాది బియ్యం వ్యాపారం చేసిన కుటుంబం. ఈ ఊళ్ళోనే చిమిండైంగ్ పేటలో నది ఒడ్డున తాతగారికి మిల్లు ఉండేది. పజుండౌంగ్ పేటలో రెండంతస్తుల ఇల్లు ఉండేది. ప్రభుత్వం వ్యాపారాలన్నిటినీ తీసుకున్న కాలంలో మిల్లు పోయింది, ఇల్లు పోయింది, కారు పోయింది. బంధువులు చాలామంది ఓడలెక్కి విశాఖపట్నం వెళ్ళిపోయారు. మేం వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని ఎవరైనా అంటే, పారిపోవడానికి మనమేం తప్పు చేశామని నాన్నగారు ఎదురు అడిగేవారు. నేను పుట్టింది ఆ తరవాత. ఇప్పుడు నేను ఉంటున్నది అదే పజుండౌంగ్‌లో, మా పాత ఇంటి వెనక వీధిలో, మూడో అంతస్తులో, రెండు గదుల్లో. పిల్లలకు ఇంగ్లీషు చెబుతాను. ఇస్త్రీ లేని చొక్కాతో మెట్లు దిగను. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని ఊళ్ళో అది చిన్న పనేమీ కాదు.

నాన్నగారు పోయినవాటి గురించి మాట్లాడేవారు కారు. కారు గురించి మాత్రం ఒకే ఒక్క మాట ఉండేది. జనవరిలో పొద్దుటిపూట కాస్త చలి పుడితే, భుజాల మీద దుప్పటి కప్పుకుని టీ తాగుతూ అనేవారు: “మా నాన్నగారి కారులో వేడిపెట్టె ఉండేది. కొండల మీద జనం చలికి వణికిపోతుంటే, మన కారులో మాత్రం వేడివేడిగా ఉండేది.”

అంతే. ఇంకేమీ చెప్పేవారు కారు. తాతగారు చలికాలంలో షాన్ కొండల మీదికి వ్యాపారం పని మీద కారులోనే వెళ్ళేవారని మాకు తెలుసు. ఇంగ్లీషు వచ్చాక, వేడిపెట్టె అంటే హీటరని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. ఈ ఊళ్ళో హీటరున్న కారు ఇంకొకటి ఉండి ఉండదని కూడా నేనే చేర్చుకున్నాను. నాన్నగారు అలా అనలేదు. కానీ ఆయన పోయాక ఆ మాట ఎవరికి చెప్పినా దాన్ని కూడా కలిపే చెప్పేవాణ్ణి.

పోయిన చలికాలం ఆఖర్లో, కాలవ దగ్గర ఉన్న మెకానిక్ షెడ్డు ముందునుంచి నడిచి వెళ్తున్నాను. ఆ మెకానిక్ మన తెలుగువాడే. తాతముత్తాతలు గంజాం నుంచి వచ్చారు, ఆదివారం తెలుగు చర్చికి వెళ్తాడు. బర్మావాళ్ళు గురువును పిలిచినట్టు ఆయన్ను ‘సయా’ అంటారు. నన్ను కూడా చదువు చెబుతానని సయా అనే అంటారు. తెలియనివాళ్ళు షెడ్డులోకి వచ్చి సయా అని పిలిస్తే ఇద్దరం తలెత్తేవాళ్ళం. నన్ను మాత్రం ఆయన బాబుగారూ అంటాడు. అందులో మర్యాద ఎంతో వెటకారం ఎంతో నేను ఎప్పుడూ తేల్చుకోలేదు.

ఆ రోజు ఆయనే పిలిచాడు. షెడ్డులో ఒక పాత ఇంగ్లండు కారు ఉంది. గుండ్రటి ముందు భాగం, గుడ్డు పెంకులాంటి పైకప్పు, నాలుగు తలుపులు. తలుపు తెరిచి లోపలికి చూపించాడు. ముందు సీటు ఎదురుగా, డాష్‌బోర్డు కింద, పెద్ద కొబ్బరికాయంత గుండ్రటి రేకు పెట్టె వేలాడుతోంది. దానికి ముందువైపు రెండు చిన్న రేకు తలుపులు.

“ఇదేటో తెలుసా బాబుగారూ? ఈటరు. నా సర్వీసులో ఈ రంగం ఊళ్ళో ఈటరున్న కారు నాను సూళ్ళేదు.”

నేను లోపలికి వంగి ఆ రేకు తలుపులు రెండూ తెరిచి మూసి చూశాను.

ఆ కారు ఆసామీ మింగళాడోన్‌లో ఉంటాడు. విమానాశ్రయం దగ్గర సరుకుల రవాణా చేస్తాడు. బర్మావాడు, ఇంచుమించు నా వయసువాడే, మర్యాదస్తుడు. ఆ కారును కొండల మీద ఒక ఊళ్ళో కొన్నాడట. అమ్మినవాళ్ళు అందులో కోళ్ళను పెంచేవారట. పూర్వం రంగూన్ నుంచి వచ్చిందని తప్ప వాళ్ళకేమీ తెలియదు. నేను మా తాతగారి సంగతీ, కొండల సంగతీ, హీటరు సంగతీ చెప్పాను. ఆయన టీ కప్పు కింద పెట్టి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. ఏప్రిల్‌లో వచ్చే నీళ్ళ పండగ వెళ్ళాక పాత కార్ల ప్రదర్శన ఒకటి ఉందనీ, అక్కడ ఒక్కొక్క కారునూ మైకులో పరిచయం చేస్తారనీ, తన కారును మా తాతగారి పేరుతో, మా మిల్లు పేరుతో పరిచయం చేయిస్తాననీ అన్నాడు. నేను ముందు సీట్లో ఆయన పక్కన కూర్చోవాలి. హీటరు మాత్రం ఆనాటిలా పనిచేయాలి, ఆ బాధ్యత సయాలిద్దరిదీ అన్నాడు.

మా ఇంటిపేరు ఈ ఊళ్ళో నలుగురిలో పైకి వినిపించి అరవై ఏళ్ళు పైమాటే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి నేను హీటర్ల గురించి చదవడం మొదలుపెట్టాను. కరెంటు ఉన్నప్పుడు ఫోను నింపుకుని, నెట్టు అందినప్పుడల్లా ఇంగ్లండులో పాత కార్లవాళ్ళు రాసుకునే పేజీలు చూసేవాణ్ణి. హీటరు పనిచేసే తీరు సులువుగానే అర్థమైంది. ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన నీళ్ళలో కొన్ని ఒక గొట్టంలోంచి ఈ గుండ్రటి పెట్టెలోకి వస్తాయి. పెట్టెలో చిన్న రేడియేటరు, దాని వెనక చిన్న ఫ్యాను. వేడిగాలి రేకు తలుపుల్లోంచి కాళ్ళ మీదికి వస్తుంది. ఇంజను మీద ఒక కుళాయి ఉంటుంది. ఎండాకాలంలో అది కట్టేసుకోవాలి.

అర్థం కానిది ఇంకొకటి. ఏది అసలుది? మా కారు ఫోటోలు పెట్టి అడిగితే, ఇది ఆ కారుకు ఆ కాలంలో వచ్చిన హీటరేనని ఒకాయన రాశాడు. కాదు, అదే కంపెనీ వ్యానుకు వచ్చేదని ఇంకొకాయన. వేడి దేశాలకు పంపే కార్లకు హీటరు పెట్టేవారే కారు, ఆ చోట ఒక రేకుబిళ్ళ బిగించి పంపేవారని మూడో ఆయన. ఫ్యాక్టరీలో పెట్టిందే అసలుదా, కొన్నవాడు కోరితే అమ్మినవాడు పెట్టించింది కూడా అసలుదేనా అన్నదానిమీద వాళ్ళలో వాళ్ళకే పేచీ వచ్చింది. నాకు జవాబివ్వడం మరిచిపోయి వారాల తరబడి కొట్టుకున్నారు. ఇంజనుకూ మనిషికీ మధ్య ఉండే ఇనుపగోడలో రంధ్రాలు చూడమని చివరికి ఒకావిడ రాసింది. ఫ్యాక్టరీ రంధ్రం అంచు నున్నగా ఉంటుందట. తరవాత ఎవరో చేసింది గరుకుగా ఉంటుందట.

మెకానిక్ హీటరు విప్పాక టార్చి పట్టుకుని తల లోపల పెట్టి చూశాను. రంధ్రాలు గరుకుగా ఉన్నాయి. చుట్టూ చిన్నచిన్న బెజ్జాలు వేసి, మధ్య ముక్కను కొట్టేసి, ఆకురాయితో రుద్దిన గుర్తులు. అంటే హీటరు ఈ దేశంలోనే ఎవరో పెట్టించారు. నేను చాలా సంతోషించాను. ఈ దేశంలో పనిగట్టుకుని కారుకు హీటరు పెట్టించేవాడు మా తాతగారు కాక ఎవరు?

ఇంజను దగ్గర ఎవరో ఏనాడో రెండు గొట్టాలనూ ఒకదానికొకటి కలిపి తీగతో కట్టేశారు, వేడినీళ్ళు హీటరు ముఖం చూడకుండా. పెట్టెలోని చిన్న రేడియేటరు పాచితో, సున్నంతో మూసుకుపోయింది. మెకానిక్ దానిలో ఘాటైన యాసిడ్ పోస్తానన్నాడు. అది ఇత్తడి. ఇత్తడి సామాను ఎలా తోమాలో మా ఇంట్లో మాకు తెలుసు. చింతపండు పులుసు కాచి, చల్లార్చి, లోపల నింపి ఒక రోజంతా ఉంచుదామన్నాను.

“ఈటరుకి పులుసు ఎడతారేటండీ,” అన్నాడు మెకానిక్. “పోపు కూడా ఎట్టమంటారా?”

పోపు అవసరం లేకుండానే గోధుమరంగు మడ్డి గిన్నెల కొద్దీ బయటికి వచ్చింది. నీళ్ళు పోస్తే ఇటునుంచి అటు ధారగా పోయాయి. కారిన రెండు చోట్ల ఆయన మాటు వేశాడు. ఫ్యాను మోటారుకు కరెంటు అందించే బొగ్గు ముక్కలు అరిగిపోతే, వాటి బదులు, పెద్దవి తెచ్చి గరుకు కాగితం మీద రుద్ది సరిపెట్టాడు. పెట్టెకు పాత రంగే వేయించాను. సుత్తితో కొట్టిన రేకులా గుంటలుగుంటలుగా మెరిసే బూడిద రంగు. అది కలిపేవాడి కోసం ఊరంతా తిరిగాను.

నీళ్ళ పండగకు ఇంకా కొన్నాళ్ళు ఉందనగా, మధ్యాహ్నం పూట, మేం హీటరు వేసి చూశాం. కారు ఆసామీ స్టీరింగు దగ్గర, నేను పక్కన, మెకానిక్ వెనక. బయట వీధి కుక్కలు కూడా నీడలోంచి కదలడం లేదు. ఇంజను వేడెక్కేదాకా ఆగి, కుళాయి తిప్పి, అద్దాలన్నీ ఎత్తి, స్విచ్చి వేశాం. ఫ్యాను చక్కగా తిరిగింది. గాలి మాత్రం రాలేదు. ముగ్గురికీ చెమటలు కారుతున్నాయి. అయినా కాళ్ళ దగ్గర గాలి లేదు. చింతపండు వల్లే అయి ఉంటుందని మెకానిక్ అన్నాడు. రంగు వల్ల అన్నాడు. ఇంగ్లండువాళ్ళే అంత అన్నాడు. చివరికి రేకు తలుపు దగ్గర కాగితం ముక్క పెడితే అది లోపలికి అతుక్కుపోయింది. మెకానిక్ బిగించేటప్పుడే మోటారు తీగలు అటుదిటూ ఇటుదటూ కలిపేశాడు. ఫ్యాను వెనక్కి తిరుగుతూ గాలిని లోపలికి లాగుతోంది. తీగలు మార్చాక నా ప్యాంటు కాళ్ళు రెపరెపలాడాయి. ఆ వేడిలో ఆ వేడిగాలి తగిలితే నాకు కళ్ళు తిరిగాయి. అయినా దిగమంటే దిగలేదు.

ఇంత అయ్యాక మేనత్తకు చెప్పడానికి వెళ్ళాను.

మేనత్త అంటే నాన్నగారి చెల్లెలు. ఆ కారులో తిరిగినవాళ్ళలో మిగిలింది ఆవిడ ఒక్కతే. చిమిండైంగ్ బజారు వెనక కూతురింట్లో ఉంటుంది. ఎనభై దాటింది, చెవులు కళ్ళు బాగానే ఉన్నాయి, నోరు మరీ బాగుంది. నేను వెళ్ళేసరికి కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో తెప్పించుకున్న మొహింగా తింటోంది. చేపల పులుసులో సేమ్యా లాంటిది వేసి ఇస్తారు, ఈ ఊళ్ళో పొద్దుటి ఫలహారం అదే. నేను స్టూలు మీద కూర్చుని, ముందు తాతగారి కారు దొరికిందని చెప్పాను. ఆవిడ తినడం ఆపింది. తరవాత హీటరు సంగతి చెప్పాను.

“ఏటీ, మన కార్లో ఈటరా?”

“వేడిపెట్టె అత్తా. నాన్నగారు చెప్పేవారుగా.”

“ఏడిపెట్టి నాకు తెల్దేటి? నా కాళ్ళకాడే ఉండీది. టేకు పెట్టి. సుట్టూరా మిల్లు ఊక కూరి, మద్దిన ఇత్తడి గిన్ని. మీ తాత బైట మెతుకు ముట్టీవోడా? పొద్దున్న మీ మామ్మ అన్నం వొండి అందులో ఎట్టి మూతెట్టీది. మాపటేలకి తీస్తే పొగలు.”

నాకు వెంటనే బుర్రకెక్కలేదు. చలిలో మన కారులో మాత్రం వేడివేడిగా ఉండేదని నాన్నగారు అనేవారు కదా అన్నాను.

“అన్నం రా నాయనా. అన్నం ఏడిగా ఉండీది. మనుసులం కాదు. మనుసులం సలికి సచ్చీవోలం.”

ఆవిడ నవ్వీ నవ్వీ పొలమారి దగ్గింది. కూతురు పరిగెత్తుకొచ్చి నీళ్ళు ఇచ్చింది. ఏమైందని అడిగితే, మీ బావ అన్నం గిన్నెని ఈటరనుకున్నాడే అని మళ్ళీ నవ్వింది. నేను స్టూలు మీద నిటారుగానే కూర్చున్నాను. వేడివేడిగా ఉండేది. ఏది ఉండేదో నాన్నగారు చెప్పలేదు, నేను అడగలేదు. నాన్నగారి దృష్టిలో అది అడగవలసిన సంగతే కాదేమో. ఆయన చెప్పింది ఇంటి అన్నం గురించి. కొండల మీద కూడా ఇంటి అన్నమే తిన్న మనిషి గురించి. నేను విన్నది ఇంజను నీళ్ళ గురించి.

అయితే ఆ కారు మనది కాదన్నమాట అన్నాను.

“అది నాకేటి తెలుసు? మా ఆడపిల్లలం ఎనకాలే కదా కూకునీవోలం, తెరలేసీసి. డ్రైవరు మెడ తప్ప ముందేటుందో నాను సూళ్ళేదు.”

హీటరు ఉంటే తెలిసేది కదా అని నేను వదలకుండా అడిగాను. డ్రైవరు కాళ్ళు కొయ్యబారిపోయేవనీ, కాళ్ళకు బియ్యం గోనెలు చుట్టుకుని తోలేవాడనీ, అది తనకు గుర్తుందనీ చెప్పింది. మరి తరవాత? తరవాత తనకు తెలియదట. పెద్దమనిషి అయ్యాక ఆడపిల్లకు కొండల మీద ఏం పనని ఇంట్లో కూర్చోబెట్టారట. కారు పోయేదాకా తాతగారు ఇంకా చాలా చలికాలాలు వెళ్ళారు. ఆవిడ వెళ్ళలేదు.

“ముందు కూకునీది డ్రైవరు, గుమస్తా. ఆల కాళ్ళకి ఏడి ఎట్టడానికి మీ తాత పైసా తీసీవోడు కాదు,” అంది. తరవాత కిటికీలోంచి బయటికి చూస్తూ, “ఏమో, తీసీవోడేమో మరి,” అంది.

బస్సులో తిరిగి వస్తూ ఈ సంగతిని ఎటునుంచి పట్టుకోవాలో నాకు తెలియలేదు. హీటరు ఉంది కాబట్టి కారు మాది అని మొదలుపెట్టాను. మా కారులో హీటరు లేదు. కాబట్టి ఇది మాది కాదు. కానీ హీటరు తరవాత పెట్టించిందని రంధ్రాలు చెబుతున్నాయి. గోనెలు చుట్టుకున్న డ్రైవరు కోసం తాతగారే తరవాత పెట్టించారేమో. అలా అయితే మేనత్త చెప్పిన పైసా తీయని తాతగారు వేరు, ఆయన వేరు. లేదా మా దగ్గర తీసుకున్నాక కొండల మీది పెద్ద ఉద్యోగి ఎవరైనా పెట్టించుకున్నాడేమో. అప్పుడు కారు మాది, హీటరు మాది కాదు. లేదా రెండూ మావి కావు. నేను చింతపండు పులుసు పోసి కడిగింది ఎవరి హీటరు? దిగవలసిన స్టాపు దాటిపోయాక చూసుకున్నాను.

మెకానిక్‌కు చెబితే, మీది కాదని ముందే అనుకున్నానన్నాడు. మర్నాడు వెళ్తే, ఆలోచించాను మీదే అయి ఉంటుందన్నాడు. డ్రైవరు తెలుగువాడే అయి ఉంటాడు కదా, మనవాడు అడిగితే మీ తాతగారు కాదంటారా అన్నాడు. ఎటు మాట్లాడినా ఆయనకు ఉత్సాహమే. బరువంతా నాది.

కారు ఆసామీకి చెప్పకుండా ఉండడం కుదరదు. మింగళాడోన్ వెళ్ళి, ఆయన ఆఫీసులో కూర్చుని, మేనత్త చెప్పిందంతా చెప్పాను. అన్నం పెట్టె సంగతి బర్మా భాషలో చెప్పడం నాకు చాలా కష్టమైంది. ఆయన నవ్వలేదు. సయా, ఇది మీ కుటుంబం సంగతి, మీదే అంటే మీ పేరు చదివిస్తాను, కాదంటే చదివించను, నాకు రెండూ ఒకటే అన్నాడు. ప్రదర్శన దగ్గరికి వెళ్ళాక చెప్పినా చాలన్నాడు. నాకు ఆయన మీద కొంచెం కోపం వచ్చింది. కాదు పొమ్మని ఉంటే బాగుండేది.

మేనత్తను కూడా తీసుకురమ్మన్నాడు. ఆవిడ అడక్కముందే సిద్ధమైంది.

ప్రదర్శన రోజు పొద్దున్నే ఆయన కారు తోలుకుంటూ చిమిండైంగ్ వచ్చాడు. మేనత్త పట్టు చీర కట్టింది. ముందు సీటు తలుపు తెరిచి పట్టుకుంటే, ఆవిడ ఆయన్ను కిందినుంచి పైదాకా చూసి వెనక తలుపు దగ్గరికి నడిచింది. నేను ముందు కూర్చోబోయాను.

“నువ్వెక్కడికిరా? గుమస్తావేటి?”

వెనక ఆవిడ పక్కన కూర్చున్నాను. సీటు మీద చెయ్యి వేసి చూసింది. కాళ్ళ దగ్గర నేల చూసింది. తలుపు పిడి పట్టుకుని వదిలింది. గుర్తుపడుతోందా అని నేను ఆవిడ ముఖమే చూస్తున్నాను. సీట్లు కొత్తగా కుట్టించినవి, పిడి ఎక్కడినుంచో తెప్పించినది. గుర్తుపట్టడానికి అక్కడ ఏం మిగిలిందో నాకే తెలియదు. డ్రైవరు మెడ కనిపిస్తోందిగా అత్తా, అలాగే ఉందా అని అడిగాను. ఈయన మెడ లావు అంది.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. హీటరు గాలి వెనక సీటుదాకా వస్తే, తాతగారు తన కోసం పెట్టించుకున్నారని అనుకోవచ్చు. అప్పుడు అవునంటాను. రాకపోతే కాదంటాను. ఏదో ఒకటి తేలాలి. కారు ఆసామీని హీటరు వేయమన్నాను. ఆయన అద్దంలో నన్ను ఒకసారి చూసి, చెయ్యి చాచి స్విచ్చి వేశాడు. కుళాయి అంతకుముందే తిప్పి ఉంచాడట, అక్కడ అందరికీ చూపిద్దామని. ఫ్యాను చప్పుడు వినిపించింది. నేను ముందుకు వంగి రెండు సీట్ల మధ్య చెయ్యి పెట్టాను. వెచ్చగా తగిలింది. చెయ్యి తీసి కిటికీలోంచి బయట పెట్టాను. అదీ వెచ్చగానే ఉంది.

“వేడి తెలుస్తోందా అత్తా?”

“తెలస్తంది.”

“హీటరుదా, ఎండదా?”

“ఆ రెండూ ఏరు ఏరుగా వొస్తాయేటిరా ఈ ఊళ్ళో?”

అలాగే వెళ్ళి చేరాం. పాత కార్లు వరసగా ఆగి ఉన్నాయి. మైకు పట్టుకున్న కుర్రవాడు ఒక్కొక్క కారు దగ్గరికీ వచ్చి వివరాలు అడుగుతున్నాడు. మా దగ్గరికి వచ్చి, ఇది పూర్వం ఎవరి కారు అని కిటికీలోంచి అడిగాడు. కారు ఆసామీ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. మేనత్త కూడా నన్నే చూసింది. తాతగారి పేరు నా నోటి చివర ఉంది. ఇంటిపేరుతో సహా, బర్మావాళ్ళకు నోరు తిరిగేలా ఎలా పలకాలో ఇంట్లో ఎన్నోసార్లు చెప్పుకుని చూసుకున్నాను.

తెలియదు అన్నాను. ఇప్పుడు ఈయనది, పూర్వం ఎవరిదో తెలియదు, హీటరు మాత్రం మా పజుండౌంగ్‌లో బాగుచేశాం అన్నాను.

కుర్రవాడు అదే మైకులో చదివాడు. హీటరు అనగానే జనం నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు. కారు ఆసామీ దిగి బానెట్టు ఎత్తి కుళాయి చూపించడానికి వెళ్ళాడు. మేనత్త ఏమి చెప్పావురా అని అడిగింది, ఆవిడకు నాకంటే బర్మా భాష బాగా వచ్చినా. చెప్పాను. ఆవిడ కొంగుతో మెడ తుడుచుకుంది.

మాది కానిదాన్ని మాదని చెప్పుకునే గతి మాకు ఇంకా పట్టలేదు. అది మాత్రం నాకు తెలుసు. కానీ మాదైనదాన్ని నలుగురిలో నా నోటితోనే కాదన్నానేమో. నవ్వుతున్న ఆ జనంలో ఆ సంగతి చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు. కారులో ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. ఆపనా అని కారు ఆసామీ బయటినుంచి సైగ చేశాడు. కాసేపు ఉండనివ్వండి అన్నాను.